పదకొండో మాట

ఆ శీతకాలం మా ఆఫీసులో రెండు వారాలు ఒకటే గొడవ. గెరిట్ కట్టిన రేవును ఏ పేరుతో అమ్మాలి అని. గెరిట్ నా భర్త. రేవు అంటే నిజం రేవు కాదు, వీడియో గేములో రేవు. అమెరికాలోని మాడిసన్‌లో గేములు తయారు చేసే చిన్న కంపెనీలో ఇద్దరం పనిచేసేవాళ్ళం. అతను ఆటలోకి కావలసిన ఊళ్ళూ, దీవులూ, దారులూ కట్టేవాడు. తెర మీద కనబడే ప్రతి అక్షరానికీ నేను పూచీ. నా దగ్గర మూడు వందల పేజీల పదాల పట్టీ ఒకటుండేది. ఒకచోట పడవ అనీ, ఇంకోచోట నావ అనీ కనబడితే నాకు తిక్కరేగేది. ఆ తిక్కకే నాకు జీతం ఇచ్చేవాళ్ళు.

ఆట నవంబరులోనే దుకాణాలకు వెళ్ళిపోయింది. రేవు అందులో లేదు. ఆగస్టులో, ఆట డిస్కుల మీదికి ఎక్కే ముందు, పూర్తికాని భాగాలన్నిటినీ కోసేశారు. గెరిట్ రెండేళ్ళు కట్టిన దీవి అలా బయటికి పోయింది: పొగమంచులో ఒక రేవు, రెండు ఒడ్లకూ కట్టిన తాడు పట్టుకుని నడిచే ఒక పడవ, దానికి కాపలాగా ఒక ఆడమనిషి. అంత కష్టం ఊరికే పారెయ్యరు కదా. వచ్చే మార్చిలో దాన్ని విడిగా అమ్ముదామన్నారు. కావలసినవాళ్ళు డబ్బు కట్టి, ఇంట్లో కూచునే, ఇంటర్నెట్ తీగ గుండా, టీవీకి తగిలించే తమ గేమ్ పెట్టెలోకి దించుకోవచ్చు. ఈ గొడవ జరిగింది 2006 జనవరిలో. అలా అమ్మడం మాకు అదే మొదలు.

"డౌన్‌లోడబుల్ కంటెంట్," అంది ప్రిసిల్లా. మా పనులన్నిటికీ గడువులు పెట్టే మనిషి ఆమే. "గేమ్ పెట్టె తయారుచేసే కంపెనీవాళ్ళ ఫారంలో ఆ గడికి అదే పేరుంది. పొడుగనిపిస్తే డీఎల్‌సీ అనండి."

"ఏదో జబ్బు పేరులా ఉందమ్మా," అన్నాడు వెండెల్.

వెండెల్ మా టెస్టర్లకి పెద్ద. రోజంతా ఆటలాడి తప్పులు పట్టే పదిమందిని అదిలించడం ఆయన పని. అంతకు ముందు పదిహేనేళ్ళు స్టేట్ స్ట్రీట్ మీద గేముల కొట్టు నడిపాడు. పాత సంగతి తేవాలంటే ముందు గడ్డం గోక్కునేవాడు. అప్పుడూ గోక్కున్నాడు.

"నేను కొట్టు పెట్టిన కొత్తలో వీటిని డేటా డిస్కులనేవాళ్ళు. ఫ్లాపీలో వచ్చేవి. ప్లాస్టిక్ సంచిలో పెట్టి కొక్కేనికి తగిలించేవాణ్ణి. తర్వాత అట్టపెట్టెలొచ్చాయి, ఎక్స్‌పాన్షన్ ప్యాకులన్నారు. ఇప్పుడు పెట్టే లేదు, దించుకోవడమే మిగిలింది, కాబట్టి డౌన్‌లోడ్ అంటున్నారు. చూశావా లోర్నా? డిస్కులో వస్తే డిస్కు, ప్యాకెట్లో వస్తే ప్యాకు, తీగలో వస్తే డౌన్‌లోడ్. వచ్చే దారికి పేరు పెట్టారు గానీ, వచ్చినదానికి ఎవడూ పెట్టలా."

"ఆ రెండో మాట పెట్టారుగా, కంటెంట్ అని," అన్నాడు గెరిట్. అంతవరకూ కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. "కంటెంట్ అంటే ఏంటి? డబ్బా మీద రాస్తారే, లోపలున్న సరుకు ఫలానా అని, అదే కదా? రెండేళ్ళు నేను సరుకు కట్టానా?"

"దానికంత కోపం ఎందుకు గెరిట్? అందరూ అలాగే అంటున్నారు," అంది ప్రిసిల్లా.

"పోనీ బోనస్ అందామా?" అని నేను అడిగాను.

"డబ్బులు పుచ్చుకుని బోనస్ అంటే జనం తంతారు," అన్నాడు వెండెల్.

"యాడ్-ఆన్?"

"ఇది పైన తగిలించింది కాదు లోర్నా," అన్నాడు గెరిట్. ఈసారి నా మొహంలోకి సూటిగా చూశాడు. "లోపల్నించి కోసి తీసింది."

పేర్ల తగాదా ఎప్పుడూ చివరికి నా పట్టీ దగ్గరికే వచ్చి ఆగేది. ప్రిసిల్లా మాటనే ఖాయం చేసి, దానికి అర్థం రాసి, అందరికీ వినబడేలా చదివాను: "డీఎల్‌సీ. ఆట పూర్తయ్యాక విడిగా దించుకునే భాగం. అది లేకపోయినా ఆటకు లోటు కనబడకూడదు."

"భలే రాశారు," అంది ప్రిసిల్లా.

"లోటు ఉండకూడదనా, కనబడకూడదనా?" అని గెరిట్ అడిగాడు.

"కనబడకూడదనే."

ఆ వాక్యం గురించి నాకు వారం రోజులు గర్వంగా ఉండేది. అలాంటి వాటికి గర్వపడే మనిషిని నేను.

*

మా ఇల్లు మొనోనా సరస్సు పక్క వీధిలో. ఇద్దరికీ కలిపి ఒకటే కారు, ఆఫీసుకి పదినిమిషాలు. సరస్సు అప్పటికి గడ్డకట్టేసింది. చేపలవాళ్ళు మంచు మీద చెక్క గూళ్ళు పెట్టుకుని, కన్నాలు తొలిచి కూర్చునేవాళ్ళు. పెళ్ళయిన కొత్తలో మేమూ కూర్చున్నాం. ఇప్పుడు కారులో ఆ పదినిమిషాలూ రేడియో మాట్లాడేది.

అక్టోబరు నుంచి గెరిట్ మేడ మీది గదిలో పడుకుంటున్నాడు. గురక వల్ల అని చెప్పుకున్నాం. గురక నాదే. అంతకు మించి మేం కొట్లాడుకున్నదీ లేదు, వేరే మనిషి ఎవరూ లేరు. పద్నాలుగేళ్ళలో మాటలు ఒక్కోటే తగ్గి, చివరికి ఆఫీసు మాటలు మాత్రం మిగిలాయి. పిల్లలు లేరు కాబట్టి ఆ తగ్గడం ఎవరికీ తెలియలేదు.

ఒక్క శుక్రవారం మాత్రం తప్పేది కాదు. శుక్రవారం సాయంత్రం ఊరంతా వేయించిన చేప తింటుంది, మేమూ తినేవాళ్ళం. ఎప్పుడూ వెళ్ళే చోటే, ఎప్పుడూ కూర్చునే బల్లే. వడ్డించే పిల్ల మమ్మల్ని అడగకుండానే అతనికి బ్రాందీ, నాకు టొమాటో రసం తెచ్చి పెట్టేది. జనవరి మూడో శుక్రవారం గెరిట్ జేబులోంచి ఒక కవరు తీసి, క్యాబేజీ గిన్నె పక్కన పెట్టాడు.

"ఆస్టిన్ గేముల కంపెనీవాళ్ళు రాశారు."

"ఏమని?"

"రమ్మని. దీవి కాదట, ఏకంగా ఒక దేశం కట్టమంటున్నారు."

"ఎప్పట్లోగా చెప్పాలి?"

"ఫిబ్రవరి ఆఖరు."

చేప మీద నిమ్మకాయ పిండుకున్నాను.

"అక్కడ మంచు పడదు," అన్నాడు.

"మంచు లేకపోతే నాకేం తోస్తుంది?"

"అదే అనుకున్నాను."

ఏమనుకున్నాడో అడగలేదు. నన్ను రమ్మన్నట్టా, రావద్దన్నట్టా? అడిగి ఉంటే సరిపోయేది. నేనేమన్నానంటే, "నీకు వెళ్ళాలనుంటే వెళ్ళు గెరిట్. నేను అడ్డు రాను."

ఆ రోజు అది పెద్దమనసు అనుకున్నాను. పెద్దమనసూ లేదు, పాడూ లేదు. ఉండిపో అనడానికి పౌరుషం అడ్డొచ్చింది, అంతే. అతను ఉండిపోవాలని నాకు ప్రాణం కొట్టుకుంటోంది. ఉండాలనుకున్నవాడు ఒకరు చెప్పకుండానే ఉంటాడని నా మొండితనం. అతను కవరు తీసి జేబులో పెట్టుకున్నాడు. మిగతా భోజనమంతా వెండెల్ గడ్డం గురించి మాట్లాడుకున్నాం.

*

నటుల గొంతులు రికార్డు చెయ్యకముందే ఆట ఆడి చూడాలి కాబట్టి, మాలో ఎవరో ఒకరం ఆ మాటలన్నీ చదివేసేవాళ్ళం. వాటిని తాత్కాలిక గొంతులనేవాళ్ళం. ఆ ఫైళ్ళ పేర్లన్నీ 'టెంప్' అని మొదలవ్వాలి. అసలు నటులు వచ్చి చదివాక వాటిని ఏరి పారేస్తారు. రికార్డింగ్ గది అద్దెకి తీసుకునే స్తోమత లేదు గనక, కోట్లు తగిలించే చీకటి అరలో దూరి చదివేవాళ్ళం. ఊలు కోట్లు చుట్టూ ఉంటే గొంతు మారుమోగదు.

జనవరి ఆఖరి వారంలో గెరిట్ నా బల్ల దగ్గరికొచ్చాడు.

"పడవామెకి పదకొండు మాటలున్నాయి. పదినిమిషాల పని. చదువుతావా?"

"చికాగో నటి చదువుతుందిగా?"

"ఆమె చదవడానికి ఇంకా టైముంది. నాకు ఈలోగా కావాలి."

ఇద్దరం అరలోకి దూరి తలుపు వేసుకున్నాం. ఎవరిదో తడి మఫ్లరు నా చెంపకి తగులుతోంది. గెరిట్ ఒక చేత్తో మైకు, ఇంకో చేత్తో చిన్న టార్చి పట్టుకున్నాడు. నేను కాగితం పట్టుకున్నాను. మూడు నెలలుగా మేమంత దగ్గరగా నిలబడలేదు. అతని చొక్కా నుంచి మా ఇంటి సబ్బు వాసన వచ్చింది. మా ఇంట్లో ఉండే సబ్బు వాసన మా ఇంట్లో నాకు ఎందుకు తెలియలేదో అనుకున్నాను.

మొదటి పది మాటలూ ఇట్టే అయిపోయాయి. ఎవరది, పొగలో మొహం కనబడ్డం లేదు. బురద కాళ్ళతో పడవెక్కకు. నాకేం భయం, ఈ తాడుంది. అలాంటివి. పదకొండోది, ఆట ఆడేవాడు దీవి వదిలి పడవెక్కినప్పుడు ఆమె వెనక నుంచి అనే మాట.

"తొందరేం లేదు. పడవ నీ ఒడ్డునే ఉంచుతాను," అని చదివాను. వెంటనే నా తిక్క బయటికొచ్చింది. "ఇది కుదరదు గెరిట్. ఆమె ఉండేది దీవిలో. పడవ అతని ఒడ్డున వదిలేస్తే ఆమె దాటేదెలా?"

"తాడు లాగితే పడవ వచ్చేస్తుంది."

"మరి లాక్కుంటుందా?"

"లాక్కోదు. అతను వచ్చేదాకా దీవిలోనే ఉంటుంది."

"పిచ్చిదా ఏంటి?"

"పిచ్చిదే," అన్నాడు. "ఇంకోసారి చదువు."

చదివాను. ఇంకోసారన్నాడు. అప్పుడు కాగితం చూడకుండా చెప్పాను. టార్చి నా మొహం మీద పడకుండా కిందికి దించాడు. నాలుగోసారి అడుగుతాడనుకున్నాను, అడగలేదు. తలుపు తీసేసరికి బయట ప్రిసిల్లా కోటు కోసం నిలబడి ఉంది.

"పని చేస్తున్నారా, దాక్కున్నారా?" అని నవ్వింది.

"పనే," అన్నాను నేను. గెరిట్ టార్చి ఆర్పి జేబులో పెట్టుకున్నాడు.

*

ఫిబ్రవరి నాలుగో వారం. ఆ శుక్రవారం రేవును పెట్టె కంపెనీకి పంపాలి. వాళ్ళు పరీక్షించి సరేనంటేనే అమ్మకానికి వెళుతుంది. నేను చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ప్రతి మాటా విని, తెర మీది అక్షరాలతో సరిపోల్చుకుంటున్నాను. పడవామె పది మాటలూ చికాగో నటి గొంతులో ఉన్నాయి. నిండైన గొంతు, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. పడవెక్కాను.

పదకొండో మాట నా గొంతులో వినబడింది.

వెనకాల కోట్లు రాసుకున్న చప్పుడు కూడా ఉంది. తాత్కాలిక గొంతు అమ్మకానికి వెళ్ళడం కంటే సిగ్గుచేటు మా వృత్తిలో ఇంకోటి లేదు. పెళ్ళికొడుకు చొక్కాకి ధర చీటీ వేలాడినట్టుంటుంది. అందులోనూ నా గొంతు. వెంటనే తప్పుల పట్టికలో రాశాను. నంబరు 4417. పడవామె, పదకొండో మాట, తాత్కాలిక గొంతు మిగిలిపోయింది. ఎవరు సరిచెయ్యాలి అన్న గడిలో గెరిట్ పేరు పెట్టాను. అతను నాకు పన్నెండడుగుల దూరంలో, అడ్డగోడకి అవతల కూర్చుని ఉన్నాడు.

అరగంటకి 4417 తిరిగొచ్చింది. అందులో ఒక్కటే ముక్క: కావాలని చేసిందే.

తప్పు పట్టినప్పుడు ఊళ్ళు కట్టేవాళ్ళు వెయ్యదగ్గ జవాబుల్లో అదొకటి. పట్టికలోనే ఉంటుంది, ఎంచుకుంటే చాలు. మా వాళ్ళు దాన్ని ఎంత వాడేశారంటే దానికి అర్థమే పోయింది. మనిషి గోడలోంచి దూరిపోతాడు, కావాలని చేసిందే. గుర్రం గాల్లో నడుస్తుంది, కావాలని చేసిందే. గెరిట్ ఇందులో అందరికంటే రెండాకులు ఎక్కువ చదివాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎలాగూ ఆస్టిన్ వెళ్ళిపోతాడు, ఇక్కడి పని ఎలా తగలడితే ఏం అనుకుంటున్నాడు, అనిపించింది. తప్పును మళ్ళీ తెరిచి ఇలా రాశాను: 'తాత్కాలిక గొంతు అమ్మకానికి వెళ్ళకూడదు. నటి గొంతు పెట్టండి. గడువు శుక్రవారం.'

కట్టుకున్నవాడికి పెట్టండి అని రాశాను. అంత కోపం వచ్చింది.

గెరిట్ లేచొచ్చి అడ్డగోడ మీద మోచేతులు ఆన్చాడు.

"లోర్నా, అది నీకు నిజంగా తప్పులా వినబడిందా?"

"వెనకాల కోట్లు రాసుకుంటున్నాయి. తప్పు కాక ఏంటి?"

"కోట్ల సంగతి కాదు నేనడిగేది."

"మరి దేని సంగతి?"

అతను నా తెర వైపు చూశాడు. అక్కడ పడవామె రేవులో నిలబడి ఉంది. ఏదో అనబోయాడు. పక్క బల్లల దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు టైపు చెయ్యడం ఆపి వింటున్నారు.

"ఏం లేదులే," అన్నాడు. "సరిచేస్తాను."

బుధవారం పొద్దున్నే కారు తాళాలు తీసుకున్నాడు. "చికాగోలో పనుంది," అన్నాడు. బయట మంచు దంచేస్తోంది. ఆస్టిన్‌కి విమానాలు చికాగో నుంచే ఎక్కువ. అయితే ఆ ఊరు చూడడానికి వెళుతున్నాడన్నమాట, అనుకుని నేను బస్సెక్కి ఆఫీసుకి వెళ్ళాను. పొద్దుగూకే వేళకి అతను ఇంటికొచ్చి, బూట్లు విప్పి, సూపు వేడి చేసుకుని తాగాడు.

"పనయిందా?" అని అడిగాను.

"అయింది."

గురువారం 4417 మీద 'సరిచేశాను' అని వచ్చింది. విన్నాను. నటి గొంతే, చక్కగా ఉంది. తప్పును మూసేశాను. పైగా తృప్తిపడ్డాను కూడా. ఆ తర్వాతి మంగళవారం, నెల ఆఖరి రోజు, అతను ఆస్టిన్‌కి సరేనని రాశాడు.

*

మార్చి రెండో శనివారం వెళ్ళిపోయాడు. సరస్సు మీద మంచు మెత్తబడి, చేపలవాళ్ళు గూళ్ళన్నీ ఒడ్డుకి లాగేసుకున్నారు. కారు నాకు వదిలేసి, పాత పికప్ బండి ఒకటి కొనుక్కున్నాడు. సామాను పెద్దగా లేదు. పద్నాలుగేళ్ళు ఉన్న మనిషి సామాను అంత తక్కువుంటుందని నేననుకోలేదు.

గుమ్మం దగ్గర జేబులోంచి ఇంటి తాళంచెవి తీశాడు.

"ఇది ఉంచుకోనా?"

"నీ ఇష్టం," అన్నాను.

కాసేపు అరచేతిలో పట్టుకుని, తర్వాత బల్ల మీద పెట్టాడు. "జాగ్రత్త," అన్నాడు. "నువ్వూ," అన్నాను. పికప్ వీధి మలుపు తిరిగేదాకా తలుపు తెరిచే ఉంచాను. ఇల్లంతా చల్లబడిపోయింది.

తర్వాత రోజుల గురించి చెప్పడానికేమీ లేదు. కారులో రేడియో ఆపేశాను. శుక్రవారం ఒక్కదాన్నే వెళ్ళి అదే బల్ల దగ్గర కూర్చుంటే, వడ్డించే పిల్ల అలవాటు కొద్దీ బ్రాందీ తెచ్చింది, నాలుక్కరుచుకుని వెనక్కి తీసుకెళ్ళింది. ఆ పైన నేను అటు వెళ్ళలేదు. మేడ మీది గదిలో పడుకుని చూశాను. అక్కడ నా గురకకి ఇబ్బంది పడేవాళ్ళు ఎవరూ లేరు.

మార్చి ఆఖర్లో రేవు అమ్మకానికి వెళ్ళింది. ఆ శుక్రవారం వెండెల్ రెండు కాగితాలు పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు. పని ముగిసిన ఆటకి సంబంధించిన కాగితాలన్నీ దాచిపెట్టడం ఆయన బాధ్యత.

"చికాగో రికార్డింగ్‌వాళ్ళు పంపారు. మాటల సంఖ్య సరిపోయిందో లేదో నీ పట్టీతో చూసి సంతకం పెట్టు."

మొదటి కాగితం జనవరి 30ది. పడవామె, పది మాటలు. కింద గెరిట్ చేతిరాత: పదకొండోది అక్కర్లేదు, మా దగ్గర ఉంది.

రెండోది ఫిబ్రవరి 22, బుధవారం. పడవామె, ఒక్క మాట. చదివించినది: గెరిట్, స్వయంగా వచ్చి. ఎన్నిసార్లు: పందొమ్మిది.

"ఒక్క మాట పందొమ్మిదిసార్లు చదివించాడు," అన్నాడు వెండెల్. "పాపం ఆ నటి గొంతు పోయుంటుంది. ఎలా రావాలనుకున్నాడో ఏమో?"

నాకు తెలుసు ఎలా రావాలనుకున్నాడో. అరలో, టార్చి కిందికి దించినప్పుడు ఎలా వచ్చిందో అలా. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కాగితం మీద పడకుండా దాన్ని పక్కకి జరిపాను.

"మీకు ముందే తెలుసా?" అని అడిగాను. "అది నా గొంతని?"

వెండెల్ గడ్డం గోక్కున్నాడు. చాలాసేపు గోక్కున్నాడు.

"టెస్టర్లు పదిమందీ విన్నారమ్మా. నేనూ విన్నాను. ఎవ్వరం పట్టికలో రాయలేదు."

"ఎందుకు రాయలేదు? అది మీ పని కదా!"

"ఫైలు పేరులోంచి టెంప్ తీసేసి ఉంది. అదంతట అదే ఊడిపోదుగా, ఎవరో తీస్తేనే పోతుంది. తీశాడంటే ఉంచుకుందామనే కదా?" ఆయన కాగితాలు తీసుకుని లేచాడు. "అదీగాక, బాగుందమ్మా. నిజంగా ఎవరో ఎదురుచూస్తున్నట్టుంది."

*

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో గేమ్ పెట్టె పెట్టాను. గెరిట్ దాన్ని వదిలేసి వెళ్ళాడు. అందరిలాగే నేనూ రేవును కొనుక్కున్నాను. కొనే పేజీలో నేను రాసిన మాటలే ఉన్నాయి, నా పట్టీలో వాక్యాన్నే కాస్త మార్చి పెట్టారు: ఇది లేకపోయినా మీ ఆటకు లోటు లేదు. అది రాసిన మనిషి ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టాలనిపించింది. రేవు కిందికి దిగడానికి నలభై నిమిషాలు పట్టింది. నీలం గీత మెల్లగా నిండుతుంటే కదలకుండా చూస్తూ కూర్చున్నాను.

తర్వాత పొగమంచు, తాడు, పడవ, ఆమె. రెండేళ్ళు అతను కట్టినంతా నడిచి చూశాను. దీవిలో ఒక గుడిసె ఉంది. లోపల బల్ల మీద రెండు గిన్నెలు, ఒకటే చెంచా. గోడకి కోట్లు వేలాడుతున్నాయి. ఆడేవాళ్ళకి వాటితో పనేమీ లేదు, ముట్టుకున్నా ఏమీ జరగదు. తప్పులు పట్టడానికి అంతకు ముందు ఎన్నోసార్లు ఆ గుడిసెలోకి వెళ్ళాను. కోట్లని అప్పుడు చూడలేదు, వాటి కింద అక్షరాలేమీ లేవు కాబట్టి.

పడవెక్కితే దీవి అయిపోతుంది. ఎక్కకుండా రేవులో నిలబడ్డాను. మనం ఏమీ చెయ్యకపోతే ఆమె కూడా ఏమీ అనదు, అప్పుడప్పుడు తాడు సర్దుకుంటుంది. బయట వెలుతురు తగ్గేదాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం. చివరికి పడవెక్కే మీట నొక్కాను.

"తొందరేం లేదు. పడవ నీ ఒడ్డునే ఉంచుతాను," అంది ఆ చికాగో ఆవిడ. మంచి గొంతు. ఎక్కడా ఒక్క కోటు రాపిడి లేదు.

అప్పుడే ఆస్టిన్‌కి ఫోన్ చేశాను. రెండుసార్లు మోగేసరికే ఎత్తాడు. వెనకాల మనుషులు నవ్వుకుంటున్నారు, గిన్నెల చప్పుడు.

"లోర్నా? అంతా బాగేనా?"

"బాగే. నీకెలా ఉంది?"

"ఇక్కడ అప్పుడే ఎండలు. చొక్కా తడిసిపోతోంది."

చెప్పాలనుకున్నది నాలుక మీద ఉంది. వెనకాల ఎవరో ఆడమనిషి, "గెరిట్, చల్లారిపోతోంది, రా!" అని పిలిచింది. ఎవరైనా కావచ్చు. ఆఫీసు మనిషే కావచ్చు.

"నీ పికప్‌తో వచ్చిన మంచు టైర్లు గరాజ్‌లో వదిలేశావు," అన్నాను.

"ఇక్కడ వాటితో నాకేం పని? నీ దగ్గరే ఉండనీ. అందుకేనా చేశావు?"

"అందుకే."

"సరే మరి," అన్నాడు.

సోమవారం ఆఫీసుకి అందరికంటే ముందే వెళ్ళాను. తప్పుల పట్టికలో 4417ని వెతికి పట్టుకున్నాను. నాలుగే ముక్కలున్నాయి అందులో: నా ఫిర్యాదు, 'కావాలని చేసిందే' అన్న అతని జవాబు, 'గడువు శుక్రవారం' అన్న నా జవాబు, 'సరిచేశాను' అన్న అతని ముక్క. మళ్ళీ తెరువు అన్నదాన్ని నొక్కాను. పాత గొంతే సరైనది, తప్పు పట్టినవాళ్ళు పొరబడ్డారు, అని రాశాను. ఎవరికి అన్న గడిలో గెరిట్ పేరు కోసం చూశాను. మానేసినవాళ్ళ పేర్లను నెల తిరక్కుండా తీసేస్తారు. ఆ అక్షరం దగ్గర ఎవరూ లేరు. గడి ఖాళీగా వదిలేస్తే, మొదట ఆ తప్పు ఎవరు రాశారో వాళ్ళ పేరు మీదికే వెళుతుంది. వెళ్ళింది.

ఆ కంపెనీ ఇంకో ఐదేళ్ళు నడిచింది. ప్రతి సోమవారం ఎవరి తప్పులు వాళ్ళకి అచ్చేసి ఇచ్చేవాళ్ళు. నా కాగితంలో ఎప్పుడూ మొదటి వరస 4417.

"ఆ ఆట అమ్మడం కూడా మానేశాం లోర్నా, దాన్ని మూసెయ్యొచ్చు కదా?" అని ప్రిసిల్లా రెండు మూడుసార్లు అడిగింది.

"ఇంకా సరికాలేదు," అన్నాను.